గాయం కొలత

నా మొదటి ఉద్యోగం తణుకు దగ్గర ఒక ఊళ్ళో, పశువుల ఆసుపత్రిలో. ఆసుపత్రి అంటే ఒక పెంకుటిల్లు, దాని ముందు పశువుని నిలబెట్టి కట్టడానికి ఇనప గొట్టాల చట్రం, లోపల మందుల బీరువా. డాక్టరు గారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా రోజులన్నీ నేనే. నేను అసిస్టెంటునే గాని ఊరంతా నన్ను "డాక్టరు గారూ" అనే పిలిచేది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఆ పిలుపు బాగుండేది. నేను డాక్టర్ని కానని ఎవరికీ చెప్పలేదు. డెబ్బైల చివర సంగతి ఇది.

అద్దెకుండేది శాస్త్రులు గారింట్లో, వీధి వైపు గదిలో. ఆయనకి డెబ్బై దాటాయి, భార్య పోయి చాలా కాలమైంది. ధర్మశాస్త్రం చదువుకున్న మనిషి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం ప్రాయశ్చిత్తాలు అడగడానికి ఆయన దగ్గరికి వచ్చేవారు. తలుపు మధ్య పడి పిల్లి చచ్చిపోయిందనో, పలుపుతాడు మెడకి బిగుసుకుని దూడ పోయిందనో చెప్పుకుని అరుగు మీద తలొంచుకుని కూర్చునేవారు. ఆయన తాటాకు కట్ట విప్పి, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని చూసి, ఇన్ని ఉపవాసాలు, ఇన్ని స్నానాలు అని చెప్పేవారు. దూరపు వాళ్ళకి పోస్టుకార్డు మీద రాసి పంపేవారు. ఆయన రాసేదీ నేను రాసేదీ మందు చీటీయే అని నేను వేళాకోళం చేస్తే నవ్వేవారు. "నీ మందు ఒంటికి. నాది భయానికి. నాదే త్వరగా పనిచేస్తుందోయ్" అనేవారు.

ఆ మాఘమాసంలో ఒక పొద్దున, చెరుకు కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, పొలం నుంచి ఒక కూలీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఫలానా పెద్దాయన ఎద్దు పడిపోయింది, రమ్మంటున్నారన్నాడు. పెట్టె సైకిలుకి కట్టుకుని వెళ్ళాను.

ఆ పెద్దాయనని నాకు బాగానే తెలుసు. ఎనిమిదెకరాల రైతు. ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడగా వినలేదు. ఏకాదశి ఉపవాసం తప్పేవాడు కాదు, ఏటా అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకుని వచ్చేవాడు. కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయి. ఇంట్లో ఆయనా, భార్యా, ఒక ఎడ్ల జత. ఆ జతలో ఎడమపక్క ఎద్దు తల్లి ఈనగానే చచ్చిపోతే, ఆయన వేళ్ళు పాలల్లో ముంచి నోట్లో పెట్టి దాన్ని బతికించుకున్నాడని ఊరంతా చెప్పుకునేవారు.

పడిపోయింది ఆ ఎద్దే. బోదె కాలవ గట్టు మీద కూలబడి ఉంది. దాని తల ఒళ్ళో పెట్టుకుని ఆయన కూర్చున్నాడు. వెనక ఎడమ కాలు మడమ పైన తెగి ఉంది. తాడులాంటి నరం రెండు ముక్కలైపోయి, పై ముక్క లోపలికి లాక్కుపోయింది. చుట్టూ మట్టి నల్లగా తడిసింది.

పదిగజాల దూరంలో పక్క చేను రైతు నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చేతిలో చెరుకు కత్తి అలాగే ఉంది. ఎద్దు పలుపు తెంపుకుని కాయమీదున్న అతని మినుము చేలో పడింది. అదిలిస్తే పోలేదు. కోపంలో కత్తి ఝళిపించాడు.

"బెదిరిద్దామనేనండీ," అన్నాడు నాతో. పెద్దాయన వైపు చూడలేకపోతున్నాడు. "కాలికి తగుల్తుందనుకోలేదు."

నేను గాయం కడిగి, సల్ఫా పొడి చల్లి, కట్టు కట్టి, సూది వేశాను. పెద్దాయన ఎద్దు చెవి నిమురుతూనే అడిగాడు.

"నిలబడతాడాండీ?"

"ప్రాణానికి ఇప్పుడు ఫరవాలేదండి. నిలబడటం మాత్రం కష్టం. నరం పూర్తిగా తెగింది."

ఆయన తలాడించాడంతే. నాకే పౌరుషం వచ్చింది. "ఊరికే వదలకండి. స్టేషన్లో రిపోర్టివ్వండి. గాయం ఎంతుందో నేను సర్టిఫికెట్ రాసిస్తాను" అన్నాను. పెట్టెలోంచి స్కేలు తీశాను. కట్టిన కట్టు విప్పి కొలిచాను. పొడవు ఇంత, లోతు ఇంత, మడమకి ఇంత పైన అని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. నా సంతకం ఎవరికైనా అవసరం రావడం అదే మొదలు.

ఆయనకి చదువు రాదు. పైకి చదవమన్నాడు, చదివాను. అప్పుడాయన తలగుడ్డ అంచు నుంచి ఒక నూలు పోగు లాగి, "ఆ పొడవు దీని మీద చూపించండి" అన్నాడు. స్కేలు పక్కన పోగు పెట్టి చూపించాను. అక్కడ ముడి వేశాడు. "లోతు?" అన్నాడు. అదీ చూపించాను. ఇంకో ముడి వేశాడు. చదువురాని మనిషి, గుర్తుకోసం చేసుకుంటున్నాడనుకున్నాను. గట్టు మీద నిలబడ్డవాడు ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

పెద్దాయన స్టేషనుకి వెళ్ళలేదు.

మూడో రోజు ఆ పక్క చేను రైతు తన ఎద్దుల్లో మంచిదాన్ని తోలుకుని పెద్దాయన ఇంటికి వెళ్ళాడు. నేను అప్పుడు ఆయన పశువుల పాకలో, బండి మీద తెచ్చి పడుకోబెట్టిన ఎద్దుకి కట్టు మారుస్తున్నాను. గుమ్మం ముందు నిలబడి, "మావయ్యా, తప్పయిపోయింది. దీన్ని మీ దొడ్లో కట్టుకోండి" అన్నాడు. వాళ్ళకి చుట్టరికం లేదు, ఊరి వరస.

పెద్దాయన లేచి వెళ్ళి ఆ ఎద్దు గంగడోలు నిమిరాడు. దాని పళ్ళు కూడా చూశాడు.

"మంచి గొడ్డురా. దీన్ని నేనేం చేసుకోను? ఇదేం తప్పు చేసింది?"

"అది కాదు మావయ్యా..."

"నా ఎద్దు కాలు నరికింది ఇది కాదు కదా. తోలుకుపో."

కేకలేసి తిట్టినా ఇంకోలా ఉండేదేమో. ఆ ఎద్దుని తోలుకుని వెనక్కి వెళ్తుంటే అతని మొహం పాలిపోయి ఉంది.

ఆ మధ్యాహ్నమే పెద్దాయన శాస్త్రులు గారి అరుగెక్కాడు. నేను భోంచేసి గుమ్మంలో కూర్చున్నాను. ఆయన ప్రాయశ్చిత్తం అడగడానికి రాలేదు.

"అయ్యగారూ, ఒక మాట తెలుసుకుందామని వచ్చానండి. ఒకడు ఇంకొకడి కాలు తీశాడనుకోండి. శాస్త్రంలో ఏం రాశారు?"

ఆ ప్రశ్నకి శాస్త్రులు గారి కళ్ళు మెరిశాయి. ఏళ్ళ తరబడి పిల్లి చచ్చింది, దూడ చచ్చింది తప్ప ఇంకేమీ అడిగినవాళ్ళు లేరు. ఇన్నాళ్ళకి ఎవరో అసలైన ప్రశ్న అడిగారు. కట్ట కూడా విప్పకుండా మొదలుపెట్టారు. మొదట్లో రాజూ లేడు, కోర్టూ లేదు అన్నారు. ఒకడు పశువుని చంపితే అవతలివాడు మనిషిని చంపేవాడు, మనిషికి బదులు ఇల్లు తగలబెట్టేవారు, ఇంటికి బదులు ఊరు. అలా వంశాలకి వంశాలు పోయేవి. అందుకని పూర్వులు దానికొక హద్దు గీశారు. చాలా పాతకాలంలో చచ్చిన మనిషికి బదులు నూరు ఆవులిచ్చి పగ ఆపుకునేవారు. తర్వాత ఆ పగని రాజు చేతిలో పెట్టి దండం అని పేరు పెట్టారు.

"దండమంటే కర్ర అనుకునేవు. కాదు. దేవుడే దాన్ని పుట్టించాడన్నారు. నల్లని ఒళ్ళు, ఎర్రని కళ్ళు. లోకమంతా నిద్రపోతే అదొక్కటే మేలుకుని ఉంటుందట. ఏ అవయవంతో నేరం చేస్తే ఆ అవయవాన్ని అడిగేది ఆ రోజుల్లో."

"చెయ్యి చేసిన తప్పుకి చెయ్యేనాండీ?"

"చెయ్యే. ఇంకో విచిత్రం చూడు. దొంగ తనంతట తానే జుట్టు విరబోసుకుని, భుజాన రోకలి పెట్టుకుని, రాజు దగ్గరికి పరిగెత్తుకెళ్ళి, నన్ను కొట్టు అని అడగాలి. రాజు కొడితే, చచ్చినా బతికినా వాడి పాపం పోయింది. దయ తలచి కొట్టకుండా వదిలేశాడనుకో, ఆ పాపం రాజుకి చుట్టుకుంటుంది."

పెద్దాయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు వేళ్ళతో సవరించాడు. కాకులు అరుస్తున్నాయి. చివరికి, "అంటే వదిలేసినవాడిదే పాపమన్నమాట" అన్నాడు.

"శాస్త్రం అలాగే అంటుంది" అన్నారు శాస్త్రులు గారు, ఇంకా ఆ ఉత్సాహంలోనే.

పెద్దాయన లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగాక గాని శాస్త్రులు గారు నన్ను అడగలేదు. "ఎందుకడిగాడోయ్ ఆయన? ఎవరి కాలు పోయింది?"

నేను జరిగింది చెప్పాను. ముడుల సంగతి కూడా. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. ఆ సాయంత్రం ఆయన సంధ్య వార్చడం మొదలుపెట్టి, మంత్రం మధ్యలో రెండుసార్లు ఆగిపోయారు.

ఊళ్ళో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు, గొడవేం జరగలేదు కాబట్టి. కానీ ఆ పక్క చేను రైతు పొలానికి ఒంటరిగా వెళ్ళడం మానేశాడు. కూలీలతో కలిసి వెళ్ళి కూలీలతో కలిసి వచ్చేవాడు. బోదె దగ్గర పెద్దాయన ఎదురుపడితే, ఆయనే ముందు పలకరించేవాడట, "భోంచేశావా?" అని. ఆ పలకరింపుకి ఇతను వెనక్కి తిరిగి, చుట్టుదారిన ఇంటికి వచ్చేసేవాడట. ఇదంతా అతని భార్య చెప్పింది. ఆవిడ ఒకరోజు శాస్త్రులు గారి గుమ్మం ముందు నేల మీద కూర్చుని ఏడ్చింది.

"తిట్టమనండి, కొట్టమనండి. ఆయన అలా నవ్వుతుంటే మేం బతకలేమండీ. మీరేదో చెప్పారటగా. దానికి విరుగుడు కూడా మీరే చెప్పండి."

శాస్త్రులు గారు మూడు రోజులు కట్టలు విప్పి వెతికారు. నాలుగో రోజు నన్ను వెంటపెట్టుకుని పెద్దాయన ఇంటికి నడిచారు. ఆ వీధిలోకి ఆయన వెళ్ళడం నేను చూడటం అదే మొదటిసారి. అరుగు మీద కూర్చోకుండానే చెప్పారు. "పశువుని గాయపరచినవాడు దాన్ని స్వయంగా సేవించాలి. గడ్డి వెయ్యాలి, నీళ్ళు పెట్టాలి, పేడ ఎత్తాలి, ఈగలు తోలాలి. అదీ దండమే. ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. నువ్వూ ఒప్పుకో."

"ఎన్నాళ్ళండీ?"

"అది బతికి ఉన్నన్నాళ్ళూ."

పెద్దాయన పాక వైపు చూసి, "సరేనండి. వాడు ఉన్నన్నాళ్ళూ" అన్నాడు.

దారిలో శాస్త్రులు గారు తేలికగా నడిచారు. గండం గడిచిందన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఎద్దు ఎక్కువ రోజులు బతకదని మా ఇద్దరిలో తెలిసినవాణ్ణి నేను. ఆ మాట నేను ఆయనకి చెప్పలేదు.

మర్నాటి నుంచి అతను రోజూ తెల్లారగానే పెద్దాయన పాకకి వచ్చేవాడు. లేవలేని పశువుని గంటకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలి, లేకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుంది. గోనెసంచులు కలిపి కుట్టి, పొట్ట కింద వేసి, పాక దూలానికి తాళ్ళు కట్టి లేపేవాడు. వరిగడ్డి మార్చేవాడు. పచ్చి పిల్లిపెసర మేత కోసుకొచ్చి గుప్పెడు గుప్పెడు నోటికి అందించేవాడు. పుండ్లలో పురుగు పడితే నేనిచ్చిన టర్పెంటైన్ నూనె పోసి తన వేళ్ళతోనే తీసేవాడు. నేను అంత శ్రద్ధగా చేసేవాణ్ణి కాదు.

పెద్దాయన నులకమంచం మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. కోపంగా కాదు. కబుర్లు చెబుతూ. శాస్త్రులు గారు చెప్పినవన్నీ ఆయన చెబుతుంటే పురాణం విన్నట్టుండేది. నల్లని ఒళ్ళూ ఎర్రని కళ్ళూ ఉన్నది ఒకటుందనీ, అది నిద్రపోదనీ. భుజాన రోకలితో రాజు దగ్గరికి వెళ్ళినవాడి సంగతి అయితే నేనున్నప్పుడే రెండుమూడుసార్లు చెప్పాడు. ఇతను ఎద్దుకి విసురుతూ, "కొడితే పోతుందాండి మావయ్యా, మొత్తం?" అని అడిగాడొకసారి.

"మొత్తం పోతుందిరా. పుట్టినప్పుడు ఎలా ఉన్నావో అలా అవుతావు."

పెద్దాయన భార్య అతనికి రోజూ చల్దన్నం పెట్టేది. పెట్టి, అక్కడ నిలబడేది కాదు. లోపలికి వెళ్ళి తలుపు చేరవేసుకునేది.

నెల తిరిగేసరికి అతను సగమయ్యాడు. గడ్డం పెరిగింది. కానీ మునుపటి భయం లేదు. దానికి బదులు ఇంకేదో వచ్చింది, దేనికోసమో ఎదురుచూస్తున్నవాడిలా. ఒకరోజు బోదె దగ్గర చేతులు కడుక్కుంటుంటే పక్కన కూర్చుని చెప్పాను. "మీ అత్తారి ఊరు మండపేట పక్కనే కదయ్యా. గోదావరి దాటి కొన్నాళ్ళు అక్కడుండు. ఎద్దు ఇంక వారం పది రోజులకంటే ఉండదు."

"వెళ్తే పోతుందాండీ?"

"ఏంటి పోయేది?"

అతను తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

ఆ వారంలోనే నేను పని మీద తణుకు వెళ్ళాను. పోలీసు స్టేషను ముందునుంచే సైకిలు తొక్కుకుంటూ పోయాను. లోపలికి వెళ్ళి ఏం చెప్పాలి? ఒక పెద్దాయన నెమ్మదిగా మాట్లాడుతున్నాడని చెప్పాలా? ఒక పోగుకి రెండు ముళ్ళు వేశాడని చెప్పాలా? నవ్వుతారనుకున్నాను. ఆ రోజు వాళ్ళు నవ్వితే నాకేం పోయేదో ఇప్పటికీ తెలియదు. ఆగలేదు.

ఎద్దు ఒక మంగళవారం మధ్యాహ్నం పోయింది. దాని తల ఆ అబ్బాయి ఒళ్ళోనే ఉంది. పెద్దాయన, అతనూ కలిసే గొయ్యి తవ్వి, పసుపు కుంకుమ చల్లి, చేలో పూడ్చారు. సాయంత్రం పెద్దాయన ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చాడు. స్నానం చేసి తడిబట్టతోనే ఉన్నాడు.

"రేపు పొద్దున్న ఒకసారి ఇంటికి రండి డాక్టరు గారూ. కట్టు కట్టే సామాను తెచ్చుకోండి."

"ఎద్దు పోయింది కదండీ," అన్నాను.

"తెలుసండి" అని వెళ్ళిపోయాడు.

నేను శాస్త్రులు గారితో చెప్పాను. మర్నాడు ఇద్దరం సూర్యోదయానికే బయల్దేరాం. ఆయన చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయారు. నా పెట్టె నా చేతిలో ఉంది. దాన్ని ఇంట్లో వదిలేస్తే ఏమీ జరగదేమో అని ఒక్క క్షణం అనిపించింది. వదలలేదు.

పెద్దాయన వాకిట్లో కళ్ళాపి చల్లి ఉంది. ఆయన ఉతికిన పంచె కట్టుకుని, నామం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వీధి అటు చివర నుంచి ఆ అబ్బాయి వస్తున్నాడు. తలంటుకున్న జుట్టు విరబోసుకుని ఉంది. భుజం మీద చెరుకు కత్తి. అతని వెనక దూరంగా అతని భార్య, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. ఎవరూ అతన్ని పట్టుకుని తీసుకురావడం లేదు.

శాస్త్రులు గారు పెద్దాయనకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డారు.

"నేను చెప్పింది పాత మాటయ్యా. ఈ కాలానికి కాదు."

"పాతదైతే అబద్ధమాండీ?"

"అబద్ధమని కాదు... ఇంతకు మించి పగ తీర్చుకోకండని హద్దు పెట్టారు వాళ్ళు. అంతా తీర్చుకుతీరాలని కాదు."

"మించనండి," అన్నాడు పెద్దాయన. "అందుకేగా ముందే కొలిపించుకున్నాను."

అని నా వైపు చూశాడు. శాస్త్రులు గారూ చూశారు. నేను తల దించుకున్నాను.

ఆ అబ్బాయి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని కత్తి రెండు చేతులా అందించాడు. కుడిచెయ్యి అరుగు రాయి మీద పెట్టాడు. "కొట్టండి మావయ్యా" అన్నాడు.  నేను అతన్ని పట్టుకుని లాగాను. నిజంగానే లాగాను, చొక్కా చిరిగింది. అతను భుజంతో నన్ను తోసేశాడు. "మీరు ఊరుకోండి డాక్టరు గారూ. ఇది మీది కాదు."

పెద్దాయన నరకలేదు. పశువుకి వాత పెట్టే ముందు చోటు చూసుకున్నట్టు, మణికట్టు పైన పోగు ఆనించి చూసుకుని, కత్తి మొనతో నెమ్మదిగా గీశాడు. పోగు కొస నుంచి మొదటి ముడి దాకా. రెండోసారి లోతు కోసం. అంతే. పది లెక్కపెట్టే లోపల అయిపోయింది. కత్తి కింద పెట్టి, "పోయిందిరా. లే" అన్నాడు.

అప్పుడు అరిచాడు ఆ అబ్బాయి.

నేను మోచెయ్యి పైన బిగించి కట్టాను. నా పెట్టెలో గుడ్డ చాల్లేదు. లోపలినుంచి పెద్దాయన భార్య వచ్చింది. ఆవిడ చేతిలో అప్పటికే చింపి, ఉతికి, ఆరబెట్టి, చుట్టలు చుట్టిన తెల్లగుడ్డ పేలికలున్నాయి. వాటిని చూసినప్పుడు నాకు వేసిన భయం కత్తిని చూసినప్పుడు కూడా వెయ్యలేదు.

పెద్దాయనే బండి కట్టాడు. మిగిలిన ఒక్క ఎద్దుకి జతగా పక్కింటి ఎద్దుని అడిగి తెచ్చాడు. తణుకు ఆసుపత్రిలో కుట్లు వేస్తూ ఎలా అయిందని అడిగితే, "చెరుకు కొడుతుంటే తగిలిందండి" అన్నాడు ఆ అబ్బాయి. డాక్టరు నన్ను చూశారు. "అంతేనండి" అన్నాను. రెండు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు.

తర్వాత ఏం జరిగిందో చెప్పినా ఎవరూ నమ్మరు. ఆ రెండు కుటుంబాలు కలిసిపోయాయి. పెద్దాయన రెండో ఎద్దుకి జతగా ఆ అబ్బాయి తన ఎద్దుని తోలుకొచ్చి కడితే, ఈసారి తీసుకున్నాడు. ఆ తొలకరికి ఇద్దరూ కలిసే ఊడ్పులు చేయించారు. ఆ అబ్బాయి మొహం తేటపడింది, ఒళ్ళు చేశాడు. ఊరివాళ్ళు అదే చాలనుకున్నారు. పగ లేదు, కోర్టు లేదు, వాయిదాలు లేవు, చూశారా అన్నారు. ఒక్క పెద్దాయన భార్య మాత్రం ఆయనకి అన్నం వడ్డించి ఎదురుగా కూర్చోవడం మానేసిందని, కంచంలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతోందని పాలు పోసే మనిషి చెప్పింది.

శాస్త్రులు గారు ఆ రోజు నుంచి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎవరైనా పిల్లి చచ్చిపోయిందని వస్తే, "దేవుడికి దణ్ణం పెట్టుకుని ఇంటికి వెళ్ళు నాయనా" అనేవారు. ఒకసారి నాతో, "ఆయన అడిగినప్పుడు ఎందుకని ముందు అడగాల్సింది. నాకు తెలుసని చెప్పుకోవాలన్న తొందర" అన్నారు. నేను నా సంతకం గురించి మాట్లాడబోయాను. చెయ్యెత్తి వద్దన్నారు. మరుసటేడు నాకు బదిలీ అయింది. ఆ తర్వాత రెండేళ్ళకి ఆయన పోయారని తెలిసింది.

ఎనభైల మధ్యలో అనుకుంటాను, రాజమండ్రి బస్టాండులో ఎవరో వెనక నుంచి నా సంచి పట్టుకున్నారు. చూస్తే ఆ అబ్బాయే. ఇప్పుడు అబ్బాయి కాదు. తెల్లని పంచె, పైన కండువా, జేబులో పెన్ను. టీ తాగుదాం రమ్మన్నాడు. గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాడు.

పెద్దాయన పోయి నాలుగేళ్ళయిందట. కొడుకులు లేని ఇల్లు కదా, కర్మ ఇతనే చేశాడట. ఊళ్ళో తగువులు ఇప్పుడు ఇతని దగ్గరికే వస్తాయట.

"మీరెందుకండీ నన్ను చూసి అలా అయిపోతారు?" అన్నాడు. "నాకు ఆయన మేలే చేశారండి. నలభై రోజులు కన్ను మూత పడలేదు. ఆ రోజు హాస్పిటల్లో పడుకుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. అంత సుఖం ఎవరికుంటుంది? అందుకే నేనూ ఎవర్నీ ఊరికే వదలను. వదిలితే వాళ్ళకే నష్టం."

 అతనే చెప్పుకుపోయాడు. ఊళ్ళో కొత్తగా చేపల చెరువులు తవ్వారట. ఒక కౌలు రైతు కక్షతో పక్కవాడి చెరువులో పురుగుల మందు కలిపాడట. చేపలన్నీ తేలాయి. రేపు పొద్దున్న తీర్పు.

"ఏం చేస్తారు?" అన్నాను.

"శాస్త్రులు గారుంటే అడిగేవాళ్ళం. లేరు కదండీ. మేమే చూసుకుంటాం." టీ గ్లాసు కింద పెట్టాడు. "మందు కలిపింది వాడే. ఎంత కలిపాడో కూడా ఒప్పుకున్నాడు. లెక్క తేలిపోయింది."

నా బస్సు వచ్చింది. అతనే సంచి లోపల పెట్టి, కిటికీ దగ్గర నిలబడి, పిల్లలెంతమందని అడిగి, దణ్ణం పెట్టాడు. బస్సు కదిలింది. కోటగుమ్మం సెంటరు దాటకముందే కండక్టరుని ఆపమని అరిచి దిగిపోయాను. పరిగెత్తుకుంటూ తంతి ఆఫీసుకి వెళ్ళి ఆ ఊరి వైపు పోలీసు స్టేషనుకి ట్రంకాల్ బుక్ చేశాను. గంటన్నర కూర్చున్నాను. లైను కలిశాక నా పేరు, ఉద్యోగం చెప్పి, రేపు పొద్దున్న ఒక మనిషి చేత పురుగుల మందు తాగించేలా ఉన్నారని చెప్పాను. అవతల హెడ్డు కానిస్టేబులు నవ్వలేదు. రాసుకుంటున్నానన్నాడు, మళ్ళీ చెప్పమన్నాడు.

వారం తర్వాత అటువైపు పనిచేస్తున్న తోటి ఉద్యోగికి ఉత్తరం రాసి కనుక్కున్నాను. పోలీసులు పొద్దున్నే జీపులో వెళ్ళారట. తీర్పు కోసం వేసిన కుర్చీలు అలాగే ఉన్నాయట గాని, కౌలు రైతు లేడట. పెళ్ళాం పిల్లలతో అంతకుముందు రోజే ఊరు వదిలిపోయాడట. చెరువు సొంతదారు కేసు పెట్టనన్నాడు. బస్టాండులో నాకు కలిసిన ఆ పెద్దమనిషి పోలీసులకి టీలు తెప్పించి, వాడు తొందరపడ్డాడండి, ఇంక వాడికి ఎక్కడికెళ్ళినా నిద్ర పట్టదు పాపం, అన్నాడట.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ పశువుకి గాయమైనా కడిగి మందు వేసి కట్టు కట్టాను. పై అధికారులు అడిగితే తప్ప ఎంతుందో కొలిచి రాసివ్వలేదు. రైతులు అడిగినా మాట మార్చేవాణ్ణి. ఆ కౌలు రైతు మళ్ళీ ఆ ఊరికి తిరిగి రాలేదని విన్నాను.